అమ్మ తుంచిన కాడలు

పూవు చేతికొస్తే మా అమ్మ ముందు కాడ తుంచాలి. అది ఆమె వేళ్లకు పట్టిన రోగం. బొటనవేలి గోరు, చూపుడువేలు కలిసి చిటుక్కుమంటాయి, కాడ కింద పడుతుంది. చామంతికి ఇంత ఉంచాలి, లిల్లీకి ఇంత, గులాబీకి తొడిమ ఉంటే చాలు. కాడ పొడుగైతే దండలో పూవు తల వాలుస్తుందట, ముడి జారుతుందట. మాట్లాడుతూ తుంచుతుంది, టీవీ చూస్తూ తుంచుతుంది. ఎవరింటికైనా పోయినప్పుడు అక్కడ పూలు కనిపిస్తే నేను ఆమె చేతులు పట్టుకుని కూర్చోవాల్సిందే.

మాది చౌటుప్పల్ దగ్గర ఒక నేత ఊరు. బాపు మగ్గం నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఆమె పూలు కట్టడం నేర్చుకున్నది కూడా మగ్గం దగ్గరే. పడుగులో పోగు తెగితే నేతవాళ్లు వేసే ముడి ఒకటుంది. చాలా చిన్నది, లాగినకొద్దీ బిగుస్తుంది. అమ్మ పూలకూ అదే ముడి వేస్తుంది. అందరూ అరటినారతోనో మిషన్ దారంతోనో కడితే ఆమెకు మాత్రం మగ్గం మీద మిగిలిన నూలే కావాలి. ఆమె కట్టిన పెళ్లిదండను పట్టుకుని దులిపినా ఒక్క పూవు రాలదు. నేను దులిపి చూశాను కాబట్టి చెబుతున్నాను.

బాపు పోయేనాటికి నాకు పెళ్లయి కూతురు పుట్టింది. మా ఆయనకు చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో పని. అమ్మను మా ఇంటికే తెచ్చుకున్నాం. తెలంగాణ వచ్చిన మరుసటేడు హైవే పొడవునా ఫంక్షన్ హాళ్లు లేస్తుంటే, బస్టాండ్ దగ్గర చిన్న జాగా కిరాయికి తీసుకుని పూల దుకాణం పెట్టాను. దుకాణం నాదని అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. నోరు నాది, చేయి అమ్మది.

బాపు పోయాక అమ్మ పూలు పెట్టుకోలేదు. అందులో వింతేమీ లేదు, మా వైపు భర్త పోయిన ఆడవాళ్లెవరూ పెట్టుకోరు. వింత ఏమిటంటే, పెట్టుకోని మనిషి పొద్దంతా పూల నడుమే కూర్చునేది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆమె దండలు వేసుకోని పెళ్లికూతుళ్లు తక్కువ. కట్టినంతసేపూ ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. అందించేటప్పుడే వచ్చేది. చివరి ముడి పడగానే అమ్మ దండను అరటాకులో చుట్టి, గంపలో పెట్టి, తను పక్కకు జరిగేది.

"ఇగ నువ్వందియ్యి బిడ్డా. ముత్తైదువ చెయ్యి పడాలె" అనేది.

నాకు ఒళ్లు మండేది. "కట్టేటప్పుడు లేని దోషం ఇచ్చేటప్పుడెట్ల వస్తదే?" అని అడిగేదాన్ని.

"జర నీ నోరు సంబాళించుకో. పెండ్లి చేసుకునే పిల్లలు సల్లగుండాలె" అనేది. నేను దండ మీద నాలుగు నీటి చుక్కలు చల్లి అందించేదాన్ని. దండ ఎవరు కట్టారో కొనేవాళ్లకూ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

అట్లా రెండేళ్లు గడిచాక మొదటి బొకే వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా ఊరి పిల్ల ఒకతె ఫోన్ పట్టుకుని దుకాణానికి వచ్చింది. "ఆంటీ, రిసెప్షన్‌కు నాకు గిట్లాంటిది కావాలె" అని ఫోటో చూపించింది. తెల్లగౌను వేసుకున్న ఎవరో పిల్ల, చేతిలో లేత గులాబీలు, కింద కాడలన్నీ ఒక్కచోట చేర్చి రిబ్బను చుట్టి ఉన్నాయి. అమ్మ మెడ సాచి చూసింది.

"గిదేంది, గడ్డిమోపు పట్టుకున్నట్టు? మెడలేసుకునేది కాదు, తలల పెట్టుకునేది కాదు. చేతుల పట్టుకోని ఎంతసేపు నిలబడతదే?"

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకంటే నాకు బొకే కట్టడం రాదు, వచ్చని అప్పటికే తలూపేశాను.

పెళ్లినాడు పొద్దున్నే హైదరాబాద్ మార్కెట్‌కు పోయి ఒక్కో పూవునూ ఏరుకుని తెచ్చాను. లేత గులాబీలు, తెల్ల జర్బెరాలు. బకెట్ నీళ్లలో నిలబెట్టి, రిబ్బను కొనుక్కురావడానికి బజారుకు పోయాను. ఎంతసేపు పోయాను? గంట కూడా కాలేదు. తిరిగొచ్చేసరికి బకెట్ ఖాళీ. చాప మీద ఒక పక్క గులాబీ తలలు కుప్ప, ఇంకో పక్క జర్బెరా తలలు కుప్ప. కాడలన్నీ ఊడ్చి గుమ్మం దగ్గర పోసి ఉన్నాయి. నడుమ అమ్మ, వేళ్లు చీరుకుపోయి నెత్తురు కారుతూ, ముఖం మాత్రం వెలిగిపోతూ.

"ముండ్లు గీరుకపోయినయ్ బిడ్డా. అయినా ఒక్కటి ఇడిసిపెట్టలే. నువ్వొచ్చేవరకు అన్ని తయారు పెట్టిన" అన్నది.

ఆ తర్వాత నేను అన్న మాటలు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. నా పాణం తియ్యడానికే నా ఇంట్లో ఉన్నావా అన్నాను. అదొక్కటే కాదు, ఇంకా చాలా అన్నాను. అమ్మకు నా కోపం అర్థమైంది గానీ కారణం అర్థం కాలేదు. ఆ పిల్ల పంపిన ఫోటోను నా ఫోన్‌లో తెరిచి ఆమె ముఖం ముందు పెట్టాను. వేలితో కాడలు చూపించాను.

"ఓయమ్మ! కాడలు గావాల్నా!" అని నోటి మీద చేయి పెట్టుకుంది. "కాడలెవలన్న అడుగుతరానే?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెను కాడలు అడిగినవాళ్లు లేరు. కోపమంతా దిగిపోయి నాకు ఏడుపొచ్చింది. నేను గుమ్మం మీద కూర్చుని ఏడుస్తుంటే అమ్మ లేచి ఎటో పోయింది. అలిగిందేమో అనుకున్నాను. కాసేపటికి బస్టాండ్ వెనక గంపలల్లేవాళ్ల దగ్గర చీల్చిన సన్నటి వెదురు పుల్లలు ఒక కట్ట తెచ్చింది. ఒక్కో పూవు తొడిమ కింద పుల్ల గుచ్చి, తడిపిన నూలుతో రెండు చుట్లు తిప్పి, మగ్గం ముడి వేసింది. పుల్ల కనిపించకుండా మీద పచ్చటి ఆకు చుట్టింది. నేను ఏడుపు ఆపి ఆకులు అందించాను. మధ్యాహ్నం దాటేసరికి అన్ని పూలకూ కాడలు మొలిచాయి. అన్నీ ఒక్కచోట చేర్చి, రిబ్బను పక్కన పడేసి, ముడులు కట్టి రంగులో ముంచే మా చీరల నూలు, ఎరుపూ తెలుపూ కలిసినది, పిడి నిండా చుట్టింది.

పెళ్లికూతురు హాలుకు పోతూ దుకాణం దగ్గర కారు ఆపి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆంటీ, ఈ దారం ఐడియా ఎక్కడ చూసిన్రు? మస్తుగున్నది" అన్నది. "బెంగళూరు డిజైన్ అమ్మా" అన్నాను. ఏమాత్రం తడుముకోలేదు. అమ్మ గంప చాటున నవ్వు ఆపుకోలేక దగ్గింది.

ఆ తర్వాత నూలు బొకే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. నేనూ ఫోన్‌లో చూసి కాస్త నేర్చుకున్నాను. కాడలు ఉంచడం అమ్మ చేతికి ఏనాడూ అబ్బలేదు గానీ, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో ఆమెకు చెప్పనక్కర్లేదు. గాఢమైన ఎరుపు పక్కన నేరుగా తెలుపు పెట్టనిచ్చేది కాదు, నడుమ ఒక మెట్టు ఉండాలనేది. చీర అంచు నుంచి చీర నడుమకు రంగు దిగినట్లు దిగాలనేది. పూలు కిక్కిరిసి పెడితే విసుక్కునేది. "ఊపిరాడనియ్యే వాటికి" అనేది. నేను దాన్నే డిజైన్ అని కస్టమర్లకు చెప్పి పేరు తెచ్చుకున్నాను.

బొకే గురించి నేను చాలా ఆలోచించాను. దండకు ముందూ వెనకా లేదు, ఎటు చూసినా దండే. మెడలో వేసుకున్నాక అది మనిషిలో కలిసిపోతుంది. బొకేకు ముఖం ఉంటుంది, వీపు ఉంటుంది. ఫోటో ఎటు ఉంటే అటు తిరుగుతుంది. దాన్ని పట్టుకున్న పిల్లకు ఆ కాసేపు చేతులు ఏం చేయాలో తెలుస్తుంది, అంతమంది చూస్తుంటే అది కూడా పెద్ద సాయమే. అమ్మ మాత్రం ఎన్నేళ్లయినా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మొదటి బొకే వెళ్లిపోయిన తీరు ఆమె మరచిపోలేదు. పెళ్లికూతురు చూసి ఇచ్చేస్తే కారు డ్రైవర్ దాన్ని పట్టుకుపోయాడు. హాల్లో ఫోటోలు తీసే అతను చంకలో పెట్టుకుని తిరిగాడు. చివరికి కుర్చీలో పడి ఉండగా నేనే చూసి వచ్చి చెప్పాను.

"దీనికి మంత్రం లేదు, మర్యాద లేదు" అని చీదరించుకుంది అమ్మ. "ఎవల చేతిలవడితే వాళ్లదేనా? డ్రైవర్ ముట్టె, ఫోటోలాయన ముట్టె. గిదేం పూవే!"

ఆ మాటను నేను నవ్వి వదిలేశాను. అక్కడే కూర్చుని బడి పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్న నా కూతురు వదల్లేదని తర్వాత తెలిసింది.

ఇక నేను మరచిపోలేని ఒక పెళ్లి సంగతి. నల్గొండలో పానగల్ పోయే దారిలో ఒక హాల్లో మండపం పని దొరికింది. పెద్ద పని. అమ్మను కూడా తీసుకుపోయాను. నేను నిచ్చెన ఎక్కి స్తంభానికి పూలు సరిచేస్తున్నాను. పెళ్లి చేయించే అయ్యగారు దండలు తెమ్మన్నారు. దండల గంప దగ్గర ఎవరూ లేరు, ఒక్క అమ్మ తప్ప. ఒక దండ కొసన నూలు వదులైందని ముడి బిగిస్తూ కూర్చుంది. అయ్యగారు రెండోసారి కేకేశారు. అమ్మ తొందరలో దండలు రెండూ చేతుల్లోకి తీసుకుని లేచింది.

"ఏ అవ్వా, ఇడువు! నువ్వు ముట్టకు!" అని పెళ్లికొడుకు తల్లి అరిచింది. "ఎవలన్న ముత్తైదువ తియ్యుర్రి, జల్ది."

అమ్మ ఆ దండలను కాలినట్లు గంపలో వదిలేసింది. ఆ దండలు కట్టింది ఆమె. చామంతులు ఏరింది ఆమె. నేను నిచ్చెన దిగి వచ్చాను. ఆ తల్లితో ఒక్క మాట అనలేదు. ఊళ్లో అందరితో తగవు పెట్టుకునే నా నోరు ఆ రోజు ఎక్కడ చచ్చిందో! పెద్ద పని, పది మంది చూస్తున్నారు, పేరు పోతుంది. గంపలోంచి దండలు తీసి నవ్వుతూ అందించాను.

తిరుగుదారిలో ఆటోలో అమ్మ ఒక్క మాటే అన్నది. "ఆమె తప్పేం లేదు. నేనే మర్సిన."

అప్పటి నుంచి ఆమె ఏ హాలుకూ రాలేదు. మా చుట్టాల పెళ్లిళ్లకు వస్తే నేరుగా వంటల దగ్గరికి పోయి ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చునేది. మండపం వైపు తొంగి కూడా చూసేది కాదు. తను కట్టిన దండలు మెడలో పడటం అమ్మ మళ్లీ చూడలేదు.

రెండేళ్ల కింద నా కూతురి పెళ్లి కుదిరింది. సంబంధం కల్వకుర్తి వాళ్లది, నెమ్మదైన మనుషులు. పూల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. పూలవాళ్లింట్లో పెళ్లి, నేను కాగితం నిండా రాసుకున్నాను. నా కూతురు ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది.

"అవ్వ ఇస్తెనే పట్టుకుంట. లేకుంటే నాకు పూలే వద్దు" అన్నది.

అమ్మ గాభరాపడింది. "ఏం మాటలవి? నేనెందుకిస్తనే? మీ అమ్మ లేదా?"

నిజం చెప్పాలి. ఆ క్షణం నేను నా కూతురి వైపు లేను. పైకి ఎన్ని మాటలన్నా, ఎన్నేళ్లు అమ్మతో వాదించినా, నా పిల్ల పెళ్లి అనేసరికి నా లోపల కూడా ఆ భయం లేచి కూర్చుంది. రేపు అల్లుడికి తలనొప్పి వచ్చినా ఆ రోజు గుర్తొస్తుందేమో. కల్వకుర్తి వాళ్లు ఏమనుకుంటారో. "అవ్వను పరేషాన్ చెయ్యకు" అని పిల్లను కసిరాను. పిల్ల నా వైపు చూసిన చూపులో, ఆ రోజు నిచ్చెన దిగి నవ్వుతూ దండలు అందించిన నన్ను ఎవరో చూసినట్లు అనిపించింది.

తను నాతో వాదించలేదు. అమ్మ పక్కన పోయి కూర్చుంది.

"అవ్వా, దండలు నువ్వియ్యొద్దు. ముత్తైదువలనే ఇయ్యనియ్యి. నేను కాదంటలేను. బొకే ఇయ్యి. దానికి మంత్రం లేదు, మర్యాద లేదని నువ్వే అన్నవ్ కదా? డ్రైవర్ ముట్టొచ్చు, ఫోటోలాయన ముట్టొచ్చు. నువ్వు ముడితే ఏమైతది?"

"సూడు, నా మాట నాకే అప్పజెప్తున్నది!" అని అమ్మ నాకు ఫిర్యాదు చేసింది. సరే అనలేదు, కాదని కూడా అనలేదు. లేచి కంచాలు కడగడానికి పోయింది. పెళ్లి ఇంకో నాలుగు రోజులుందనగా, నేను మార్కెట్‌కు చీటీ రాస్తుంటే వెనక నుంచి అన్నది.

"కాడలు పొడుగున్నయి చూసి తే."

పూలు ఆమే చెప్పింది. తెల్ల లిల్లీ, కాడతో సహా కోసినది. ఎర్ర గులాబీ వద్దు, తెలుపు పక్కన మెట్టు మరీ పెద్దదవుతుంది, పసుపు కలిసిన గులాబీ. వాసనకు మరువం. పెట్టెలో దాచుకున్న బాపు నూలు తీసింది. నేను లోలోపల మురిసిపోయాను. పిడికి ఒక చుట్టు తిప్పి లాగగానే పటుక్కున తెగింది. ఇంకో పోగు తీస్తే అదీ తెగింది. "పాత నూలు, ఇగ దేనికి పనికొస్తది" అని ఉండ చుట్టి పక్కన పడేసి, పక్కింటి మగ్గం మీది కొత్త నూలు అడిగి తెమ్మన్నది. నాకే బాధనిపించింది గానీ ఆమెకు ఏమీ అనిపించినట్లు లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక పాత గుడ్డపీలిక చించి కుడిచేతి బొటనవేలికి చుట్టుకుంది. తెగిందేమో అనుకుని, ఏమైందే అని అడిగాను.

"గోరు ఊకుంటదా? మర్సిపోయి తుంచుతది" అన్నది.

పెళ్లినాడు దండలు మా ఆడబిడ్డ అందించింది. అంతా సవ్యంగా జరిగింది. అమ్మ ఎప్పటిలాగే వంటల దగ్గరే ఉంది. తలంబ్రాలు అయ్యాయి. పిల్ల చీర మార్చుకుని ఫోటోల కోసం స్టేజీ మీద నిలబడింది. పక్కన అల్లుడు, కాస్త ఇవతల నేను. ముందు వరుసలో కల్వకుర్తి వాళ్లందరూ కూర్చున్నారు. అప్పుడు పక్క గుమ్మం నుంచి అమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, రెండు చేతులతో బొకేను నిండుబిందెలాగా పట్టుకుంది. మెట్లు ఎక్కింది.

ఫోటోలు తీసే అతనికి ఏం తెలుసు? "అవ్వా, జర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవ్" అన్నాడు.

అమ్మ ఆగిపోయింది. పానగల్ దారి హాల్లో చూసిన ముఖమే మళ్లీ చూశాను. పిల్లకూ ఆమెకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు. అమ్మ పిల్లను వదిలేసి నా వైపు తిరిగింది. బొకేను నాకు చాచింది.

"ఇగో, నువ్వియ్యి బిడ్డా" అన్నది మెల్లగా.

నా చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. ఇన్నేళ్ల అలవాటు. అమ్మకు కాడ తుంచడం ఎట్లాగో, అమ్మ చేతిలోంచి అందుకుని ఇంకొకరికి నవ్వుతూ ఇవ్వడం నాకు అట్లా. ముందు వరుస అంతా మమ్మల్నే చూస్తోంది. నాకు భయంగానే ఉంది, లేదని అనను.

చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"నేనియ్య" అన్నాను. "నువ్వు కట్టినవ్, నువ్వే ఇయ్యి."

అమ్మ నన్ను చూసింది, పిల్లను చూసింది. పిల్ల రెండు చేతులూ చాచి ఉంది. ఆ నాలుగడుగులూ నడవడానికి అమ్మకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. బొటనవేలికి గుడ్డపీలిక ఇంకా అట్లాగే ఉంది. బొకేను పిల్ల చేతుల్లో పెట్టి, ఆ వేళ్లను పట్టుకుని ఒక్కొక్కటిగా పిడి చుట్టూ మూసింది.

"గట్టిగ పట్టుకో" అన్నది. "ఒక్క కాడ కూడ తుంచలే బిడ్డా."